జానెడు నేల, ఏడు భూముల బరువు

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలు భూమ్యాకాశాలకు నిజ యజమాని అయిన అల్లాహ్‌కే శోభిస్తాయి. మనం ఆయననే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, మన పాపాల క్షమాపణకై ఆయననే వేడుకుంటున్నాము. అల్లాహ్ తప్ప వేరొక ఆరాధ్యుడు లేడని, ముహమ్మద్ (స) ఆయన దాసుడు, సందేశహరుడు అని సాక్ష్యమిస్తున్నాము. ఆయనపై, ఆయన కుటుంబంపై, ఆయన సహచరులపై అల్లాహ్ శాంతిశుభాలు కురియుగాక!

విశ్వాస సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందుగా మాకు మేము, ఆ తరువాత మీకు హితబోధ చేస్తున్నాము. తఖ్వా మస్జిదు గడప దగ్గర ఆగిపోయేది కాదు. అది మన దుకాణంలోకి, పొలంలోకి, పట్టాదారు పాసు పుస్తకంలోకి కూడా ప్రవేశిస్తుంది. మనం సాగుచేసే నేల ఎవరిది, మనకెలా వచ్చింది, ఎవరి కన్నీటిపై వచ్చింది అన్న ప్రశ్నలకు తీర్పుదినాన జవాబు చెప్పుకోవలసిందే. అందుకే నేటి ప్రసంగానికి అడవి, భూమి, హఖ్ అనే విషయాన్ని ఎంచుకున్నాము.

ఇది మనకు దూరపు విషయం కాదు. మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు గోదావరికి అటూ ఇటూ విస్తరించిన అడవుల సీమ. మంథని ప్రాంతంలో మొసళ్ల కోసం శివ్వారం అభయారణ్యం ఉన్నది. ప్రాణహిత ఒడ్డున మరొకటి ఉన్నది. జన్నారం, ఖానాపూర్, కడెం, ఉట్నూరుల నడుమ కవ్వాల్ ఉన్నది. 1965లో అభయారణ్యంగా ఏర్పడిన కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 892 చదరపు కిలోమీటర్లు దాని నడిగడ్డ. దాని చుట్టూ 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా రక్షణ వలయం. ఆ హద్దుల లోపల పులి, చిరుత, దుప్పి మాత్రమే లేవు. గోండులు, కొలాములు, నాయక్‌పోడులు, వారితోపాటు అనేక పేద కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ అడవి తమదని వారంటున్నారు. అది ప్రభుత్వానిదని జంగ్లాత్ శాఖ అంటున్నది. ఈ వివాదంలో ఇస్లాం బోధ ఏమిటి?

సోదరులారా! అజ్ఞాన కాలపు అరబ్బులలో ఒక దురాచారం ఉండేది. బలవంతుడైన నాయకుడు పచ్చిక గల నేలను చూసి, అక్కడ కుక్కను మొరిగించేవాడు. దాని అరుపు ఎంత దూరం వినిపిస్తే అంత దూరం ఆ నేల అతని సొంత ‘హిమా’. అంటే ఇతరులు అడుగుపెట్టరాని రక్షిత భూమి. అక్కడ అతని పశువులు మేయాలి, అతడే వేటాడాలి. ఇతరుల మేకపిల్ల దారితప్పి వచ్చినా శిక్షే. అంతటితో ఆగక, మిగిలిన జనం మేపుకునే చోట కూడా తన మందలను తోలేవాడు. దైవప్రవక్త (స) ఈ ఆచారాన్ని రద్దు చేశారు. హిమా విధించే అధికారం అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు మాత్రమే ఉందని ప్రకటించారు. దీని అర్థాన్ని ధర్మవేత్తలు ఇలా వివరించారు: ఏ వ్యక్తీ తన విలాసం కోసం, తన వేట కోసం, తన గొప్ప కోసం ప్రజలందరి నేలను మూసివేయరాదు. సమాజ శ్రేయస్సు కోసం పాలకుడు కొంత నేలను కాపాడవచ్చు. ఆయన స్వయంగా మదీనాకు సమీపంలోని నఖీ లోయను ముస్లిముల ఉమ్మడి గుర్రాల కోసం కాపాడారు. మదీనా హద్దులలో చెట్టు నరకడాన్ని, జంతువును వేటాడడాన్ని నిషేధించారు.

కనుక అడవిని కాపాడడం మన ధర్మానికి పరాయి విషయం కాదు. అయితే ఎవరి కోసం కాపాడుతున్నాము, ఎవరిని వెలివేసి కాపాడుతున్నాము అన్నదే అసలు ప్రశ్న. దీనికి హజ్రత్ ఉమర్ (రజి) ఆచరణలో జవాబు లభిస్తుంది. సహీహ్ బుఖారీలో నమోదైన ఉదంతమిది. ఆయన తన పాలనాకాలంలో రక్షిత నేలను విధించి, హునై అనే తన విముక్త బానిసను దానికి అధికారిగా నియమించారు. అతనికి చేసిన ఉపదేశం ప్రతి అధికారి తన గది గోడపై రాసుకోదగినది. ముస్లిముల పట్ల మృదువుగా ఉండమన్నారు. పీడితుని మొరకు భయపడమన్నారు, ఎందుకంటే ఆ మొర స్వీకరించబడుతుంది. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి మేకలు గల పేదవాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (రజి) వంటి సంపన్నుల పశువుల గురించి చింతించవద్దన్నారు. వారి మందలు నశించినా వారికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని నాలుగు మేకలు చస్తే అతడు పిల్లలను వెంటబెట్టుకొని ఖలీఫా వాకిట నిలబడతాడు. అప్పుడు బైతుల్‌మాల్ నుండి వెండి బంగారాలు ఇవ్వడంకన్నా, ఇప్పుడు నీరూ గడ్డీ ఇవ్వడమే సులభమని ఆయన వివరించారు.

ఆ తరువాత ఆయన చెప్పిన మాట మరీ గొప్పది. ఈ నేలను మూసివేసి తాము అన్యాయం చేశామని అక్కడి ప్రజలు భావిస్తున్నారని ఆయన దాచకుండా ఒప్పుకున్నారు. ఆ నేల వారిదేనని, అజ్ఞాన కాలంలో దానికోసం వారు పోరాడారని, దానిపై ఉండగానే ఇస్లాం స్వీకరించారని ఆయనే చెప్పారు. దైవమార్గంలో జనాన్ని మోసుకెళ్లే పశువుల అవసరమే లేకుంటే వారి నేలలో ఒక్క జానెడు కూడా మూసి ఉండేవాణ్ణి కానని అల్లాహ్‌పై ప్రమాణం చేశారు.

ఇందులో మూడు సూత్రాలు ఉన్నాయి. మొదటిది, రక్షిత ప్రాంతానికి ప్రజా ప్రయోజనమే ఏకైక కారణం కావాలి. రెండవది, హద్దు గీసినా పేదవానికి దారి మూయరాదు, ధనవంతునికి దారి తెరవరాదు. మూడవది, నేల మొదటి హక్కుదారు ఎవరో పాలకుడు మరువరాదు, దాన్ని బహిరంగంగా ఒప్పుకోవాలి.

సోదరులారా! ఈ కొలబద్దతో మన ప్రాంత చరిత్రను కొలిచి చూద్దాము. సూరయె నిసా 135వ ఆయతులో అల్లాహ్ మనల్ని న్యాయంపై స్థిరంగా నిలబడమని, సాక్ష్యం మనకు, మన తల్లిదండ్రులకు, మన బంధువులకు వ్యతిరేకమైనా సరే సత్యమే పలకమని ఆదేశించాడు. కనుక చరిత్ర విషయంలోనూ పక్షపాతం మనకు తగదు. హైదరాబాద్ సంస్థాన కాలంలో అడవులకు రిజర్వు హద్దులు గీశారు. గోండులు, కొలాములు తమ తాతలు పోడు కొట్టుకున్న నేలపైనే ఆక్రమణదారులయ్యారు. పశువులు మేపినందుకు, కట్టె తెచ్చుకున్నందుకు పన్నులు, జరిమానాలు, లంచాలు కట్టవలసి వచ్చింది. మైదానం నుండి వచ్చిన షావుకార్లు, పట్టాల మర్మం తెలిసినవారు వారి సాగు భూములను తమ పేర రాయించుకున్నారు. ఆ బాధ నుండే కొమురం భీం లేచాడు. పన్నెండు గూడేల ప్రజల కోసం జల్, జంగల్, జమీన్ అని నినదించాడు. 1940లో జోడేఘాట్ వద్ద పోలీసుల తూటాలకు నేలకొరిగాడు.

పాలకుని పేరు మన పేరులాంటిదైనంత మాత్రాన ఆ పాలనలో జరిగిన జుల్మ్ న్యాయం కాజాలదు. అది జుల్మేనని ఈ మింబర్ పై నుండి చెప్పడానికి మాకు సంకోచం లేదు. అదే విధంగా, ఆ తిరుగుబాటు తరువాత అదే ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుణ్ణి గోండుల మధ్యకు పంపింది. మార్లవాయిలో ఆయన నివసించాడు. అక్కడ గోండు పిల్లల కోసం బడులు, ఉపాధ్యాయ శిక్షణ మొదలయ్యాయి. వేలాది ఆదివాసీ కుటుంబాలకు పట్టాలు లభించాయి. ఈ సత్యాన్ని కూడా చెప్పడమే న్యాయం. ఇక సంస్థానం పోయాక బాధ తీరిందా? తీరలేదు. భూమి కోసం గుమిగూడిన ఆదివాసులపై 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి. పాలకుల మతం మారింది, జెండా మారింది. గూడెం కన్నీరు మారలేదు. జుల్మ్‌కు మతం లేదనడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అవసరమా?

మన దేశ పార్లమెంటు 2006లో అటవీ హక్కుల గుర్తింపు చట్టం చేసింది. అడవిబిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టమే తన పీఠికలో అంగీకరించింది. 2005 డిసెంబరు 13కు ముందు నుండి సాగులో ఉన్న గిరిజనునికి నాలుగు హెక్టార్ల వరకు హక్కు గుర్తించాలన్నది. గిరిజనేతరుడైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లుగా ఆ అడవిని ఆధారం చేసుకొని అక్కడ నివసించినట్లు చూపాలన్నది. దావా మొదట గ్రామసభ ముందుకు రావాలి. కాగితం లేనివానికి ఊరి పెద్దల సాక్ష్యం కూడా ఒక ఆధారమే. విచారణ ముగిసే వరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు. అభయారణ్యంలో కూడా ఈ హక్కులు వర్తిస్తాయి. గ్రామసభ స్వేచ్ఛగా, అంతా తెలిసి సమ్మతిస్తేనే పునరావాసం. తెలంగాణలో 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలైన పంపిణీలో సుమారు లక్షన్నర గిరిజన కుటుంబాలకు నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ప్రకటించారు. అది సంతోషించదగిన విషయం.

అయితే దావా తిరస్కరించబడినవారి మాటేమిటి? 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు అటువంటివారిని ఖాళీ చేయించమన్నది. దేశమంతటా లక్షల కుటుంబాలు వణికిపోయాయి. అదే నెల 28న ఆ ఉత్తర్వును కోర్టే నిలిపివేసి, తిరస్కరణలు సక్రమంగా జరిగాయా అని రాష్ట్రాలను అడిగింది. ఆ పదిహేను రోజులు ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగినా అన్నం సయించలేదో ఆలోచించండి. కవ్వాల్ నడిగడ్డలోని రాంపూర్, మైసంపేట ప్రజలను మద్దిపడగ దగ్గరకు తరలించారు. కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదా ఇల్లూ పొలమూ ఎంచుకొమ్మన్నారు. 2025 మేలో, కవ్వాల్‌ను మహారాష్ట్రలోని తాడోబాతో కలిపే పులుల దారిని కొమురం భీం పేరిట కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ నంబరు ఉత్తర్వు వచ్చింది. జల్, జంగల్, జమీన్ అన్నవాని పేరు మీదనే మన జంగల్‌కు హద్దు గీస్తారా అని ఆదివాసులు ఆందోళన చేయగా, జూలైలో ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. అడగకుండా గీసిన గీత ఎంత మంచి ఉద్దేశంతో గీసినా నిలవదని దీని నుండి గ్రహించాలి.

మరి పులి సంగతి? సూరయె అన్ఆమ్ 38వ ఆయతులో అల్లాహ్ భూమిపై నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మనవంటి సముదాయాలేనని తెలిపాడు. పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైందని, దప్పికతో ఉన్న కుక్కకు నీరు తాపినవాని పాపాలు క్షమించబడ్డాయని ప్రవక్త (స) బోధించారు. కనుక పులి ప్రాణం మన దృష్టిలో తేలిక కాదు. కాగజ్‌నగర్ అడవిలో 2024 జనవరిలో రెండు పులులు చనిపోగా విషప్రయోగం కేసు నమోదైంది. అదే సంవత్సరం నవంబరులో అదే ప్రాంతంలో పత్తి చేనులో పనిచేస్తున్న ఒక యువతి పులి దాడిలో మరణించింది. ఈ రెండు వార్తలూ మనకు బాధ కలిగించాలి. ఒకదానికి ఏడ్చి, మరొకదానికి ముఖం తిప్పుకునేవారి కరుణ సగం కరుణే.

అడవినీ మనిషినీ కలిపి కాపాడడం సాధ్యమేనా అని కొందరు అడుగుతారు. దక్షిణాఫ్రికా వైపు చూడండి. అక్కడ 1913 తరువాత జాతివివక్ష చట్టాల వల్ల భూమి కోల్పోయినవారు తిరిగి కోరేందుకు 1994లో చట్టం చేశారు. క్రూగర్ వనం కోసం 1969లో బలవంతంగా తరలించబడిన మకులెకె ప్రజలకు 1998 ఒప్పందం ద్వారా వారి నేల దక్కింది. వారు దాన్ని వన్యప్రాణుల నేలగానే ఉంచి, దాని ఆదాయంలో భాగస్వాములయ్యారు. ప్రైవేటు వేటభూములపై కూడా దావాలు వచ్చాయి. మలమల అనే సంపన్నుల వన్యప్రాణి క్షేత్రాన్ని 2013లో ప్రభుత్వం దాదాపు వంద కోట్ల ర్యాండ్లు చెల్లించి, అసలు వారసుల కోసం కొన్నది. అక్కడ ఇంకా పెండింగు దావాలున్నాయి, వాటాల తగవులున్నాయి. అయినా నేల తిరిగి ఇస్తే అడవి నశిస్తుందన్న వాదన నిజం కాదని ఆ అనుభవం చాటింది.

తిరిగి ఇవ్వడం మన చరిత్రకు కొత్త కాదు. హిజ్రీ 99లో ఖలీఫా అయిన హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) తన వంశీకులు అన్యాయంగా చేజిక్కించుకున్న భూములను అసలు యజమానులకు తిరిగి ఇప్పించారు. ఇతరుల నుండి మొదలుపెట్టలేదు. తన సొంత జాగీర్ల నుండి, తన ఇంటి నుండి మొదలుపెట్టారు. న్యాయం చేయదలచినవాడు నడవవలసిన వరుస అదే.

ఇంతటితో మా మాటను ఆపి, మా కొరకు, మీ కొరకు, సమస్త ముస్లిముల కొరకు అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటున్నాము. మీరు కూడా వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్తపై దరూద్, సలామ్.

సోదరులారా! ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) తన ఇంటి నుండి మొదలుపెట్టినట్లే మనం కూడా మన సఫ్‌ల నుండి మొదలుపెడదాము. ఎవరైనా అన్యాయంగా జానెడు నేల ఆక్రమిస్తే, ప్రళయదినాన ఏడు భూముల బరువు అతని మెడకు హారంగా వేయబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసును ఉల్లేఖించినవారు సయీద్ బిన్ జైద్ (రజి). అర్వా అనే స్త్రీ తన నేల ఆక్రమించాడని ఆయనపైనే అబద్ధపు దావా వేసింది. ప్రవక్త నోట ఈ మాట విన్న తరువాత తాను అటువంటి పని ఎలా చేయగలనని ఆయన బదులిచ్చారు. ఆమె చివరికి చూపు కోల్పోయి తన నేలలోని గోతిలోనే పడి మరణించింది. ఆక్రమించినవానికీ, అబద్ధపు దావా వేసినవానికీ ఇద్దరికీ ఈ ఉదంతంలో హెచ్చరిక ఉన్నది.

మనలో వ్యాపారులున్నారు, రైతులున్నారు, డ్రైవర్లున్నారు, ప్రభుత్వ ఉద్యోగులున్నారు. ప్రతి ఒక్కరికీ ఇందులో వాటా ఉన్నది.

ఏజెన్సీలో ఆదివాసి పేర పట్టా పెట్టి, మనం పంట తీసుకునే బినామీ సాగు గురించి ముందుగా చెప్పాలి. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదని 1/70 చట్టం నిషేధిస్తున్నది. అటవీ హక్కుల పట్టా వారసులకు దక్కుతుంది గాని అమ్ముడుపోదు. కొన్నామని, డబ్బులిచ్చామని, తెల్ల కాగితంపై సంతకాలున్నాయని అనవచ్చు. దైవప్రవక్త (స) తాను కూడా మనిషినేనని, వాదనలో నేర్పరి అయినవానికి అతని సోదరుని హక్కును తీర్పుగా ఇచ్చి ఉంటే అది అగ్నిఖండమేనని, దాన్ని తీసుకోవద్దని హెచ్చరించారు. సాక్షాత్తు ప్రవక్త తీర్పే హరామును హలాలు చేయకపోతే, అధికారి ముద్ర చేయగలదా? అటువంటి నేల ఎవరి వద్దనైనా ఉంటే, మరణం రాకముందే అసలు వారితో కూర్చొని, లెక్క చూసుకొని, తిరిగి అప్పగించండి. తౌబా నాలుకతో మొదలవుతుంది, హక్కు అప్పగింతతో పూర్తవుతుంది.

అప్పు పేరిట చేను తాకట్టు పట్టేవారు, పత్తి తూకంలో కోత కోసేవారు, ఆదివాసి అమాయకత్వాన్ని లాభంగా భావించేవారు కూడా ఆలోచించండి. వడ్డీని, తూకంలో మోసాన్ని ఖుర్ఆన్ ఎంత తీవ్రంగా ఖండించిందో మీకు తెలుసు.

మనలోని పేదలు కూడా అడవి అంచున బతుకుతున్నారు. వారికి నిజమైన హక్కు ఉంటే దరఖాస్తు చేసుకోనివ్వండి, ఆధారాలు సేకరించడంలో తోడ్పడండి. లేని ఏళ్లను ఉన్నట్లు రాయించవద్దు. చదువుకున్న యువకులారా! గ్రామసభ తీర్మానం చదివి వినిపించడం, తిరస్కరణ కాగితంలో ఏముందో వివరించడం, అరవై రోజుల గడువు లోపల అప్పీలు రాసిపెట్టడం మీరు చేయగల సేవ. పొరుగువాడు గోండు అయినా, కొలాము అయినా, లంబాడీ అయినా అతని హక్కు కోసం సత్యం పలకడం మీ బాధ్యత. అడవి శాఖలో ఉద్యోగం చేసే సోదరులారా! హునైకి చేసిన ఉపదేశం మీకే చేశారనుకోండి. విధి నిర్వహణలో ప్రాణాలకు తెగించే మీ కష్టం మాకు తెలుసు. కలప దొంగను పట్టుకోండి, విప్పపువ్వు ఏరుకునే తల్లిని పోనివ్వండి.

2024 సెప్టెంబరులో జైనూరులో ఆదివాసులకు, ముస్లిములకు మధ్య ఘర్షణలు జరిగాయి. దుకాణాలు తగులబడ్డాయి, మనసులు గాయపడ్డాయి. నేరం చేసినవాడు ఎవరైనా చట్టం ముందు నిలబడాలి. ఏ పాపం ఎరుగనివాని నష్టానికీ న్యాయం జరగాలి. అయితే ఒక జాతిపై ద్వేషం మనల్ని న్యాయం నుండి తప్పించరాదని సూరయె మాయిదా 8వ ఆయతు ఆదేశిస్తున్నది. ఒకరి కోపం చల్లారే వరకు మరొకరు కాచుకొని కూర్చుంటే సహజీవనం సాధ్యం కాదు. అంగడిలో తూకం సరిగా ఉంటే, అప్పు పత్రంలో మోసం లేకుంటే, చేను గట్టు జరగకుంటే, ఇరుగుపొరుగుల నమ్మకం తిరిగి మొలకెత్తుతుంది.

రండి, దుఆ చేసుకుందాము.

ఓ అల్లాహ్! భూమి నీది. మేము దానిపై కొద్దికాలపు అమానత్‌దారులం. ఇతరుల హక్కు మా చేతిలో ఉంటే, దాన్ని తిరిగి ఇచ్చే ధైర్యం మాకు ప్రసాదించు. మా హక్కు ఇతరుల చేతిలో ఉంటే, ధర్మమార్గంలో దాన్ని పొందే ఓర్పు ప్రసాదించు. అడవిలో నివసించే నీ దాసులను బెదిరింపుల నుండి, ఆకలి నుండి కాపాడు. అడవి జీవరాశులను విషం నుండి, ఉచ్చుల నుండి కాపాడు. మా పాలకుల హృదయాలలో పీడితుని మొర పట్ల భయం కలిగించు. మా పట్టణాలలో, గూడేలలో శాంతి నెలకొల్పు. మా పెద్దలను, దివంగతులను క్షమించు. ఆమీన్.

అల్లాహ్ దాసులారా! అల్లాహ్ న్యాయాన్ని, సదాచరణను, బంధువుల హక్కుల చెల్లింపును ఆదేశిస్తున్నాడు. అశ్లీలాన్ని, చెడును, దౌర్జన్యాన్ని వారిస్తున్నాడు. ఆయనను స్మరించండి, ఆయన మిమ్మల్ని స్మరిస్తాడు. నమాజుకై లేవండి.